నాటకం తర్వాత చప్పట్లు

శశికళ మేడంకు నమస్కారం.

నేను మూడో తరగతి ప్రణవి వాళ్ల అమ్మను. నాటకం రోజే సెలవు వాడేశాను. ఆబిడ్స్‌లో నేను పనిచేసే చీరల షాపు వదిలి మళ్లీ నాంపల్లిలో బడికి రాలేక ఇది రాస్తున్నాను.

ఏడిపించేవాళ్లకు ఎలా ఎదురు చెప్పాలో మీరు నాటకంలో నేర్పారు. మా పాప "ఆపండి, నాకు నచ్చదు" అని గట్టిగా అంటే అందరం చప్పట్లు కొట్టాం.

నిన్న దాన్ని రోజూ ఏడిపించే పిల్లలు మళ్లీ దాని టిఫిన్ డబ్బా లాక్కున్నారట. ఇది అదే మాట అన్నదట.

"అమ్మా, గట్లంటే మళ్ల చప్పట్లు కొట్టిన్రు. డబ్బా ఇయ్యలే," అంది.

దానికి ఇంకో మాట నేర్పకండి మేడం. అన్నం తినేటప్పుడు కాసేపు పక్కన కూర్చోండి.

ఇట్లు,
ప్రణవి వాళ్ల అమ్మ