చార్టులో ఖాళీగా ఉన్న ఏడో గడి

మంగళవారం, జూలై 2003

ఫోన్లను కాంతిగా మోసే ఒక ఫైబరు తీగలో ఒకే రంగు కాంతి మీద రెండు లైన్లు నడవవని నాకు తెలియదా? శుక్రవారం నగర్తపేట ఫైబరులో ఆసుపత్రి లైనును ఏడో రంగుకు మార్చింది నేనే. ఏ రంగు ఏ లైనుదో రాసిపెట్టే గోడమీది చార్టులో, ఏడో గడిలో, రాయడం మరిచాను. ఈరోజు మా ఆఫీసులో పెద్దాయన రామచంద్రప్పగారు చార్టు చూసి, ఖాళీయే కదా అని అదే రంగును ఇంకో లైనుకిచ్చారు. రెండూ ఆగిపోయాయి. గంటసేపు ఆసుపత్రికి ఫోన్లు లేవు. మేనేజరు అందరిముందు ఆయన్ని దులిపేశాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

టీ దగ్గర ఆయనే అన్నారు: "చార్టులో ఏముండాదో నేనే సరిగ్గా చూసుకోలేదప్పా. కండ్లు ముందుమాదిరి లేవు."

 

అందరూ వెళ్ళాక చార్టు సరిచేశాను. రేపు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే ఏడో గడి నిండి ఉంటుంది. తప్పు తన కళ్ళదేనని నమ్మేస్తారు.