జానెడుకి కుట్టిన కోటు

ప్రియమైన మా ఇంటి నర్సమ్మకు,

ఇక్కడ నేను బాగున్నాను. నా నడుం నొప్పి కూడా ఎప్పటిలాగే దివ్యంగా ఉంది. కుట్టుమిషనూ, మీ అమ్మగారు పోతూ పోతూ మనకు వదిలివెళ్ళిన జానెడూ కులాసా. అక్కడ నీ వార్డులో రోగులూ, వాళ్ళకంటే ముందు నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. భోజనం వేళకే చేస్తున్నాను. గ్యాసు కట్టేసే పడుకుంటున్నాను. నువ్వు బీరువా తలుపుకి అతికించి వెళ్ళిన పన్నెండు సూచనల కాగితం అక్కడే ఉంది. జానెడంత కుక్కను నడిపించడానికి అన్ని సూచనలేమిటే, ఆపరేషన్ గదిలోకి గానీ వెళ్తున్నామా అని మొదట్లో నవ్వుకున్న మాట నిజమే. మెడకు కాకుండా ఛాతీకే పట్టీ వేస్తున్నాను. రోడ్డు వైపు నేను, గోడ వైపు అది. తాడు రెండు మూరలు దాటనివ్వను. జేబులో నీళ్ళ సీసా ఉంటోంది. నువ్వు రాసినట్టే ముందు నేలకు అరచెయ్యి ఆనించి, వేడి చూసి మరీ బయల్దేరుతున్నాను. అలా రోజూ వంగుతుంటే మందుల షాపాయన "ఏం పారేసుకున్నారు టైలరుగారూ, నేనూ వెతకనా?" అంటున్నాడు.

ఎండా చలీ లేని రోజులివి. నడవడానికి ఇంతకంటే మంచి రోజులుండవు. ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలోనే ఉన్నాను కదా, దీన్ని నేను చూడనేలేదే! జానెడు ఆగిన చోటల్లా ఆగుతున్నాను, అది తలెత్తితే నేనూ ఎత్తుతున్నాను. పగిలిన వీధి దీపం డొప్పలో పిట్ట గూడు పెట్టిందని నీకు తెలుసా? మొన్న గోడ పగులులో మొలిచిన మొక్క దగ్గర అది నిలబడిపోయింది. ఆకు చివర నీటిబొట్టు వేలాడుతోంది. అది చూస్తోంది, నేనూ చూస్తున్నాను. ఎంతకీ పడదే! చివరకు టప్పున పడింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక నోరు వెళ్ళబెట్టి ఆకును చూస్తూ నిలబడ్డానంటే నువ్వు నమ్మవు.

"మీరు మిషను ముందు కూర్చుంటే లోకమే మర్చిపోతారు. చేతకాకపోతే చెప్పండి, ఆదివారం అక్క వచ్చి జానెడుని తీసుకెళ్తుంది" అని రాశావు. దాని కిందే "కోటు కుట్టారటగా, పక్కింటి టీచరమ్మ చెప్పింది. ఫోటో పంపరేం?" అనీ అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒకటే. అందుకే ఇంతసేపూ ఆ మాట ఎత్తకుండా పిట్ట గూళ్ళ చుట్టూ తిరిగాను.

కోటు కుట్టిన మాట నిజం. ఒకరోజు పొద్దున్నే నా భుజాలు కాస్త జిల్లుమన్నాయి. నాకే ఇలా ఉంటే జానెడు ప్రాణానికి ఎలా ఉంటుందో అనుకున్నాను. కొలతలు తీసి, దూది పొదిగిన అస్తరు వేసి, పొట్ట కింద ఏడు గుండీలు పెట్టాను. ఊడిరాకూడదని కాజాలు బిగువుగా కుట్టాను. ఎక్కడా ముడత లేదు, ఒంటికి అతికినట్టు కూర్చుంది. నా పనితనం నాకే ముద్దొచ్చింది. పదిగంటలకు ఊరేగింపుగా బయల్దేరాను. చూసినవాళ్ళంతా "అబ్బ, ఎవరు కుట్టారండీ?" అంటుంటే ఇంకో వీధి, ఇంకో వీధి అనుకుంటూ తిప్పాను.

బేకరీ ముందు అది కూర్చుండిపోయింది. మొండికేసిందనుకున్నాను. తాడు పట్టుకుని లాగాను. ఒకసారి కాదు, రెండుసార్లు లాగానే. మూడోసారి లాగబోతే పక్కకు ఒరిగిపోయింది. నాలుక బయటకు వేలాడుతోంది, కళ్ళు నన్ను చూడటం లేదు. గుండీలు విప్పబోతే ఆ బిగువు కాజాల్లోంచి ఒక్కటీ రాలేదు. జేబులో ఎప్పుడూ ఉండే దారం కత్తెరతో కోటును నిలువునా కోసేశాను. సీసాలో నీళ్ళన్నీ పొట్ట మీదా పాదాల మీదా పోశాను. బేకరీ ఆవిడ ఇంకో చెంబుడు తెచ్చి ఆటో ఆపింది.

పశువుల డాక్టరమ్మ గట్టిగానే వేసుకుంది. "ఈ వాతావరణానికి కోటేంటండీ? పుట్టుకతో వచ్చిన బొచ్చు చాలదూ? కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చే చల్లబడాలి. మీరేమో ఛాతీ బిగించేశారు. ఇంకాస్త ఆలస్యమైతే..." అని ఆగిపోయింది.

అక్కడ తడిగుడ్డ మీద పడుకోబెట్టి దాని గుండె మీద చెయ్యి వేశాను. నేనెంత తొక్కినా నా మిషను అంత వేగం అందుకోలేదు. అత్తయ్య చివరి రోజుల్లో ఆ ఒళ్ళో పడుకున్నదీ ఈ ప్రాణమే కదా. నా గుప్పిట్లో పట్టేంత ఒంట్లో బతకాలని అంత పట్టుదల ఎక్కడ దాచుకుందో! ఏడ్చాను. అక్కడ కూర్చున్నవాళ్ళు చూశారు, చూడనీ.

ఇంటికొచ్చాక ఆ తాడు ముట్టుకోవడానికే భయమేసింది. మర్నాడు పొద్దున మిషను దగ్గర తలొంచుకుని కూర్చున్నాను. జానెడు లేచి, నిదానంగా గోడ దాకా వెళ్ళి, కొక్కానికి తాడుతో సహా వేలాడుతున్న పట్టీని పళ్ళతో లాగి, ఈడ్చుకుంటూ తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. నేను లాగిన ఆ తాడునే! మళ్ళీ నా చేతికే ఇచ్చి, తోక ఊపుతూ నిలబడింది. నేనింత నమ్మకం ఎవరి దగ్గరా చూడలేదు.

నీకు పదిహేను రోజులుగా దాచాను, తప్పే. తిట్టు. ఆదివారం వదినగారు వస్తే పట్టీ, గిన్నె, పడక సర్ది, ఎదురు చెప్పకుండా ఇచ్చేస్తాను. కానీ ఉంచుకోమంటే మాత్రం నీకన్నా జాగ్రత్తగా చూస్తాను. కోటు విప్పి పరుపు చేశాను. నలభై ఏళ్ళ పనిలో నేను కుట్టింది నేనే విప్పడం ఇదే మొదలు. బీరువా మీద నీ పన్నెండు సూచనల కింద నా వంకర అక్షరాలతో పదమూడోది రాశాను: "అది కూర్చుంటే నువ్వూ కూర్చో."

రోజూ కూర్చుంటున్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం వీధి గుమ్మంలో కాచుకుని ఉన్న
నీ మొగుడు
(పక్కన జానెడు కూడా)