ఏబెల్ అన్నకు టీ మాత్రమే

ఏవండీ, డ్యూటీకి తొందరగా రమ్మన్నారు, వెళ్తున్నాను. చేపల పులుసు ఫ్రిజ్‌లో ఉంది, అన్నం మీరే వండుకోవాలి. జెస్సికా స్కూలు బస్సు దిగే వేళకి కింద ఉండండి.

సాయంత్రం మన ప్రార్థన ఫెలోషిప్‌లోని ఏబెల్ అన్న నా నర్సింగ్ ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం వస్తారు. టీ ఇవ్వండి, సర్టిఫికెట్లు ఇవ్వొద్దు. దమ్మామ్ ఉద్యోగానికి ఆయన ఏజెన్సీలో నేను చేరడం లేదు. దమ్మామ్ ఆసుపత్రివాళ్లు కాంట్రాక్టు మధ్యలో ఆపేస్తే నా గది, టికెట్ సంగతేంటని అడిగితే, "ప్రార్థన చేద్దాం సిస్టర్" అన్నారు. ప్రార్థన నేనూ చేస్తాను. జవాబు కూడా కావాలి కదా.

నేను మాట్లాడిన రెండో ఏజెన్సీవాళ్లు, తమ ద్వారా దమ్మామ్‌లోనే పనిచేసే ఒక నర్సు నంబరిచ్చారు. ఆవిడ గది ఇరుకని, తిండి బాగోదని చాలాసేపు తిట్టింది. మళ్లీ వాళ్లతోనే వెళ్తారా అని అడిగితే, "వెళ్తానమ్మా, చెప్పిన మాట తప్పరు" అంది. అందుకే వాళ్లకే సరేనన్నాను. సెలవు దొరికినప్పుడల్లా దమ్మామ్ నుంచి సముద్రం మీది వంతెన దాటి ఇంటికొచ్చేస్తాను.

పోయిన శుక్రవారం నన్నడక్కుండానే ఫెలోషిప్‌లో లేచి, ఏబెల్ అన్న ద్వారా దేవుడు నాకు ఉద్యోగమిచ్చాడని సాక్ష్యం చెప్పేశారు మీరు. సంతోషం పట్టలేక చెప్పారని తెలుసు.

నిస్సీ

ఈ శుక్రవారం సాక్ష్యం నేను చెప్తాను. మీరు పక్కన నిలబడి ఆమెన్ అనండి, చాలు.