తనిఖీ తర్వాత భోజనం

ముప్పై నాలుగేళ్లు ఊరూరా తిరిగి లిఫ్టులు తనిఖీ చేసి, ప్రస్తుతం మూడో అంతస్తులో విశ్రాంతి తీసుకుంటున్న డెబ్బై ఒక్కేళ్ల నేను, నా భర్తకూ, పిల్లలిద్దరికీ, తదితరులకూ రాసి ఇస్తున్న వీలునామా ఏమనగా: నా మతి స్థిమితంగా ఉంది. చెవులు కాస్త మందగించినా నాలుక నిక్షేపంగా ఉంది. ఎవరి ఒత్తిడీ, ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా, మధ్యాహ్న భోజనానికి ముందు కూర్చుని దీన్ని రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన కాగితాలేవైనా బయటపడితే అవి చెల్లవు.

1. ఈ ఇల్లు నా తదనంతరం నా భర్తకు, ఆయన తర్వాత కొడుక్కీ కూతురికీ సమానంగా చెందవలసినది. తగువు పడేంత ఆస్తి కాదు కాబట్టి పడకండి. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అబ్బాయిది. వాడు నెమ్మదస్తుడు, ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదువుతాడు.

2. నా పనిముట్ల పెట్టె, అందులోని టార్చితోనూ తాడు మందం కొలిచే పరికరంతోనూ సహా, ఆఫీసులో నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి. పెట్టెతోపాటు నా పద్ధతి కూడా తీసుకోవాలి. తాడు కళ్లారా చూడాలి. ఖాళీ లిఫ్టులో ఒంటరిగా మూడుసార్లు పైకీ కిందికీ తిరగాలి. అప్పుడే సంతకం. అది అయ్యేదాకా ఆ భవనంలో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు, ఎంత బతిమాలినా సరే. కడుపు నిండాక ప్రతి తాడూ గట్టిగానే కనిపిస్తుంది. సంతకం అయ్యాక మాత్రం ఆ ఊళ్లో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో వాకబు చేసి, కిటికీ పక్కన కూర్చుని తీరుబడిగా తినాలి. ఆపైన నేనైతే ఒక సిగార్ కాల్చేదాన్ని. ఒక్కటే.

3. "వదినకి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు, పాపం, ఎప్పుడూ ఊళ్లు పట్టుకు తిరగడమేగా" అని ఇరవై ఏళ్లు బంధువులందరి ముందూ జాలిపడ్డ మా మరిదికి నా గాజు ఉప్పుసీసా. నిండుగా ఇస్తున్నాను.

4. కొండ మీది హోటల్లో వంటమాస్టరుకు నా వెండిపొన్ను చేతికర్ర. వంటగది నుంచి పైఅంతస్తుకు పళ్లాలు పంపే ఆయన చిన్న లిఫ్టుకు తాడు పీచులు పీచులుగా లేచిపోయి ఉంటే నేనే సీలు వేశాను. వేసి, అదే హోటల్లో పైన కూర్చుని వెన్నలో వేయించిన చేప చెప్పాను. ఆయన రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి, పళ్లెం ఠపీమని పెట్టి, "ముల్లు చూసుకుని తినండి మేడమ్, మీ మీద నాకు చాలా ప్రేమగా ఉంది ఇవాళ" అన్నాడు. అంత మంచి చేప నేను మళ్లీ తినలేదు. ఆ మెట్లకు ఈ కర్ర అక్కరకొస్తుంది.

5. నా గోధుమరంగు కోటు మా ఆయనకు. ప్రయాణం నుంచి రాగానే ఆయన దాన్ని వాసన చూసి, "పక్కగది వాళ్లెవరో తెగ కాల్చినట్టున్నారే" అని తనే తీసుకెళ్లి బాల్కనీలో ఆరేసేవాడు. ఒక్కసారైనా ఇంకో మాట అడగలేదు. ఆ మనిషంటే నాకు ప్రాణం. ఎదురుగా చెప్పబోతే టీవీ పెట్టేస్తాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

6. మా అమ్మాయికి నా సిగార్ల డబ్బా, వాటి కొస కోసే కత్తెర, ఏ ఊళ్లో ఏం తిన్నానో రాసుకున్న పదకొండు నోటుపుస్తకాలు.

దీనికి కారణం చెప్పాలి. అమ్మాయి వంతెనలు పరీక్షించే ఇంజనీరు, నెలకు పదిరోజులు బయటే ఉంటుంది. పోయిన నెల సూదీదారం కోసం దాని ప్రయాణపు సంచీ తెరిస్తే అన్నీ బిస్కెట్ల కాగితాలే. అడిగితే, "పిల్లాణ్ణి ఇంట్లో వదిలేసి హోటళ్లలో నాకు ముద్దెలా దిగుతుందమ్మా? నీకు మాత్రం దిగిందా? రొట్టెముక్క తిని పడుకునేదానివి కదా" అంది. 

అమ్మా, నాకు దిగింది. బ్రహ్మాండంగా దిగింది. ఫోనులో రొట్టెముక్క అని చెప్పింది పచ్చి అబద్ధం. మీ నానమ్మ పక్కనే ఉండి వినేది. నేను కష్టపడుతున్నానంటే నేను గడప దాటడాన్ని అందరూ క్షమించేవాళ్లు. సుఖంగా ఉన్నానంటే క్షమించరని భయపడ్డాను. ఆ అబద్ధాన్ని నువ్వు పాఠంలా నేర్చుకుంటావని అనుకోలేదు. నా తనిఖీలన్నిట్లో నేను చూడకుండా వదిలేసిన తాడు ఇదొక్కటే. మీరంటే నాకు బెంగ ఉండేది, ఆకలీ ఉండేది. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు.

వీలునామా మనిషి పోయాక అమల్లోకి వస్తుందని తెలుసు. ఈ ఆరో అంశం మాత్రం ఈరోజు నుంచే అమలు. చట్టం ఒప్పుకోకపోతే చట్టం మానుకోవచ్చు. గురువారం పొద్దున నువ్వెక్కే రైలుకు నేనూ టికెట్టు తీసుకున్నాను. నువ్వు వంతెన చూసుకుని రా, నేను తొందరపెట్టను. కిటికీ పక్కన ఇద్దరికి బల్ల చెప్పి ఉంచాను. సిగార్ నువ్వు కాల్చనక్కర్లేదు, ఎదురుగా కూర్చుని నన్నొకటి కాల్చుకోనిస్తే చాలు. నీ కొడుకు ఫోను చేసి ఏం తిన్నావని అడిగితే, తిన్నదేదో నా ఎదుటే వాడికి ఉన్నదున్నట్టు చెప్పాలి.

తేదీ: ఇరవై రెండు, మంగళవారం, పన్నెండుంబావు.

(సంతకం) విశ్రాంత లిఫ్టు తనిఖీ అధికారిణి

సాక్షులు:
1. ఎదురింటి పళ్ల డాక్టరు
2. కింది అంతస్తు దర్జీ

సాక్షులిద్దరికీ భోజనం సిద్ధంగా ఉంది. సంతకాలయ్యాకే వడ్డిస్తాను.