వెన్నెల సమ్మె

బావమరిదికి ఆశీస్సులు.

నా కోడిగీతలకు, అక్షరాల తప్పులకు ఏమీ అనుకోకు. ఈ చేతికి స్విచ్చులే అలవాటు, కలం కాదు.

యూనియన్ కార్యదర్శివి, నువ్వు చెప్పినట్టే చేశాను. మున్సిపాలిటీలో పర్మనెంటు వాళ్ళతో సమానంగా మాకూ జీతం ఇచ్చేదాకా వీధిదీపాలు వెయ్యను. కానీ రేపో మాపో పున్నమి. రోడ్డంతా పాలు ఒలికినట్టుంది. జనం కుర్చీలు బయట వేసుకుని కూర్చుంటున్నారు. ఎవరూ తిట్టలేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. "ఇంత మంచి ఏర్పాటు ఎవరిదో!" అన్నాడు ఒకాయన. సిగ్గేసి పక్క సందులోకి తప్పుకున్నాను.

*

బావగారికి నమస్కారాలు.

సమ్మె అంటే జనం గగ్గోలు పెట్టాలి, కుర్చీలు వేసుకోకూడదు! వెన్నెల చూసుకుని సమ్మెకు దిగిన మనిషిని మిమ్మల్నే చూశాను. వాళ్ళ దగ్గరికి వెళ్ళి మన జీతాల సంగతి చెప్పండి. నోరు విప్పండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. పెళ్ళిచూపుల్లో కూడా మీరు తలే ఊపారని అక్క చెప్పింది.

*

బావమరిదికి,

వెళ్ళాను. ఆ వీధిలో ఉండే టీచరమ్మ కుర్చీ వేసింది. జీతం మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆవిడ పాట అందుకుంది. పాట మధ్యలో జీతమేమిటని ఊరుకున్నాను. చెట్ల నీడలు నీళ్ళలో ఉన్నట్టు కదిలాయి. వీధి వీధంతా పడవెక్కి ఎటో పోతున్నట్టనిపించింది. దిగబుద్ధి కాలేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. కరెంటు ఆదా చేశానని చైర్మన్‌గారు మెచ్చుకున్నారు.

*

బావగారికి,

కొంప ముంచారు! మీరు చైర్మన్ మనిషని ఇక్కడ అందరూ అంటున్నారు. దీపాలే అక్కర్లేదంటే దీపాలు వేసేవాడు దేనికి? మీ ఉద్యోగానికే ఎసరు. ఊడ్చేవాళ్ళ జీతం, నీళ్ళు వదిలేవాడి జీతం కూడా పెరగవు. వెంటనే దీపాలు వెయ్యండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. వెయ్యకపోతే అక్కతో చెప్తాను.

*

బావమరిదికి,

నీ ఉత్తరం అందేలోపే, దీపాలే అక్కర్లేదంటూ నన్ను పనిలోంచి తీసేశారు. స్విచ్చుల పెట్టె తాళం ఇచ్చేద్దామని చైర్మన్‌గారింటికి వెళ్ళాను. వాకిట్లో ఆయన అత్తగారు కూర్చుని ఉంది.

"ఎవరయ్యా?"

"దీపాలు వేసేవాణ్ణండీ."

"అవి వాటంతటవే వెలగవూ? ఎంతిస్తారు?"

చెప్పాను. ఆవిడ లోపలికి కేకేసింది. "అల్లుడూ! వీళ్ళ సంగతి తేలేదాకా నేను గడప తొక్కను!"

కుర్చీ నడివీధిలో వేసుకుంది. పాటల వాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. చైర్మన్‌గారు పరుగున వచ్చారు.

"సరే, మళ్ళీ పనిలోకి రా, నీ ఒక్కడికి పెంచుతాను. లైట్లు వెయ్యి."

నాకు మాట రాలేదు.

"ఊడ్చేవాళ్ళకు కూడా!"

అప్పటికీ రాలేదు.

"నీళ్ళవాడికీ, అందరికీనయ్యా! ఎంత గట్టివాడివయ్యా! కాగితం మీద సంతకం పెడతాను, లైటన్నా వెయ్యి."

"పెట్టాక వేస్తానండీ" అన్నాను. అరిగిన చందమామ వెలుగులోనే తడుముకుంటూ పెట్టారు.

దీపాలు వేశాను. ఇప్పుడు జనం నన్ను తిడుతున్నారు.

ఇట్లు,
మీ బావ

తా.క. అత్తగారు యూనియన్‌లో చేరుతుందట. ఫారంలో 'చేసే పని' అన్నచోట ఏం రాయమంటావు? మా గుమ్మంలోనే కూర్చుంది. త్వరగా జవాబు రాయి.