మూడు వందల మాటల్లో మా వంశం

జూన్ 1, ఆదివారం. ఉదయం 7.00
హైదరాబాదులో చేనేత డిజైన్ కోర్సు, హాస్టలుతో సహా! కావలసిందల్లా ఒక వ్యాసం: ‘నా కుటుంబం, నా సమాజం’. మూడు వందల మాటలు, తెలుగులో. గడువు శనివారం సాయంత్రం. రోజుకు యాభై రాస్తే శుక్రవారానికే పూర్తి. పుట్టి పెరిగింది సూరత్ లింబాయత్‌లోనైనా ఇంట్లో తెలుగే కదా. కొత్త పెన్ను కొన్నాను.

జూన్ 2, సోమవారం
నిన్న పెన్ను ఎంచుకునేసరికే పొద్దుపోయింది. ఈరోజు యాభై రెండు మాటలు! ‘నా పేరు ఇందుజ. మా నాయన సోమలింగం...’ నాయన తల్లి వెంకటవ్వకు చదివి వినిపించాను. అవ్వ నొచ్చుకుంది.

“మార్కండేయుణ్ణి ఇడిసిపెట్టి మన పద్మశాలోళ్ల కథ యాడికెల్లి మొదలువెడ్తవే?”

కొట్టేశాను. మిగిలింది: సున్నా.

జూన్ 3, మంగళవారం
మార్కండేయ మహర్షికి 90 మాటలు. ఆయన కొడుకు భావనాఋషి తామరతూళ్ల దారంతో దేవతలకు బట్ట నేయడానికి 110. ఒక్కరోజులో రెండు వందలు! ఇక తాత, అవ్వ, నాయన, అమ్మ, నేను వంద మాటల్లో సర్దుకోవాలి. ఒంటిగది ఇల్లు, మాకు అలవాటే.

జూన్ 4, బుధవారం
భావనాఋషికి పెళ్లి చెయ్యకుండా వంశం ఎట్లా వస్తుందని అవ్వ అడిగింది. న్యాయమే. పెళ్లికి 85 మాటలయ్యాయి, భోజనాలు తీసేసినా సరే. మిగిలినవి పదిహేను. మా వంశం ఇంకా భూమ్మీదికి దిగలేదు.

జూన్ 5, గురువారం
ఎండ. కరెంటు లేదు. కడుపు నిండితే మాటలొస్తాయని పక్కింటి తేజశ్రీ సూరత్ టిఫిను లోచో తినడానికి లాక్కెళ్లింది. నిద్ర వచ్చింది.

జూన్ 6, శుక్రవారం
నాయనకు ఈ పదిహేను రోజులూ రాత్రి షిఫ్టు, పగలు ఇంట్లోనే. నీ గురించి ఏం రాయాలని అడిగాను.

“నా గురించి ఏముందే రాయనీకి? సాంచాలు నడుపుత.”

అంతే, అటు తిరిగి పడుకున్నాడు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం.

జూన్ 7, శనివారం. సాయంత్రం 5.40
ఆరింటికి గడువు! టైపు చేసే ఓపిక లేక ఫోనుకు చెప్పి రాయించాను. ముగింపు: ‘మా నాయన ఎనిమిది సాంచాలు నడుపుతాడు. నేను ఆయన కూతుర్ని.’ మళ్లీ చదవకుండానే పంపేశాను. 5.58. విజయం!

జూన్ 9, సోమవారం. ఉదయం 11.00
కోర్సు మేడం ఉదయశ్రీ గారు ఫోన్ చేశారు. దేవతలు బాగున్నారట, మనుషులే కనబడలేదట. ఇంకో సందేహం.

“మీ నాన్నగారు ఎనిమిది సంచులు నడపడమేంటమ్మా?”

సాంచాలను ఫోను సంచులు చేసేసింది! పరువు తాపీ నదిలో కలిసింది. స్పీకరు పెద్దగా పెట్టి ఫోను నాయన చేతికిచ్చాను. ఆయన పావుగంట మాట్లాడాడు. పద్నాలుగో ఏట సిరిసిల్ల విడిచి సూరత్ రైలెక్కడం, సలాబత్‌పురాలో బిక్షపతి మామ దగ్గర తెగిన పోగు ముడి వేయడం నేర్చుకోవడం, అన్నీ చెప్పాడు.

“ఇంట్ల పిలిస్తే ఇనబడది మేడం, ఆ మోతకు చెవులు పోయినయ్. గని ఎనిమిదిట్ల ఏ సాంచా సప్పుడు మారినా నాకు ఎర్కైతది.”

నాయనకు వినబడదని తెలుసు. ఎందువల్లో ఈరోజే తెలిసింది. పిలిస్తే పలకడని ఇన్నేళ్లూ విసుక్కున్నాను. సిగ్గేసింది.

ఆయన చెప్పిందే రాయమని మేడం ఈ శనివారం దాకా గడువిచ్చారు. నేను నోరు తెరుచుకుని వింటూ ఒక్క ముక్క రాసుకోలేదు!

మధ్యాహ్నం 12.00
కొత్త ప్రణాళిక. రోజుకు యాభై మాటలు, ఈరోజు నుంచే. నాయన నిద్ర లేవగానే ఎదురుగా కూర్చుని అంతా మళ్లీ అడుగుతాను. గట్టిగా అడుగుతాను, విసుక్కోకుండా.