ఆయన అడుగు వల్ల కాదు

7-2-99, ఆదివారం
రికార్డు ప్లేయర్‌కి కొత్త ఆర్మ్ బిగించాను, సూదిని మోసే చెయ్యి. రెండేళ్ళు వెతికితే దొరికింది. పొడుగ్గా, బరువుగా, తళతళలాడుతూ ఉంది. మాది నిడదవోలు స్టేషన్ పక్కన పాత చెక్క దూలాల మేడ. గూడ్సు వెళితే గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. అందుకే పెట్టె నిండా గోదావరి ఇసుక పోయించి, దాని మీద సగం గాలి కొట్టిన సైకిల్ ట్యూబు వేసి, ఆపైన కడప బండ పరిచి, ఆ బండ మీద టర్న్‌టేబుల్ పెట్టాను. ఇవాళ మూడు గూడ్సులు వెళ్ళాయి. సూది చలించలేదు. బట్టల కొట్టు నడుపుకునేవాడికి ఇంతకన్నా గర్వం ఏం కావాలి?

సాయంత్రం రేడియో మెకానిక్ ఏసుపాదం వచ్చి చూశాడు. మెచ్చుకోలేదు. ఇంత బరువైన ఆర్మ్‌కి ఇంత మెత్తటి సూది ఉన్న కార్ట్రిడ్జ్ జత కాదండి, సూది స్ప్రింగులా ఊగుతుంది, వంకర రికార్డు వేస్తే ఎగిరిపోతుంది అన్నాడు. కార్ట్రిడ్జ్ అయినా మార్చండి, లేదా మీ పాత తేలిక ఆర్మే పెట్టుకోండి అన్నాడు. రేడియోలు బాగుచేసుకునే మనిషికి ఇవేం తెలుసులే అనుకున్నాను. పైకి నవ్వాను.

9-2-99
కాస్త వంగిన రికార్డు ఒకటి వేశాను. ఆర్మ్ ఏట్లో నావలా ఊగింది. తీసేశాను. ఆ రికార్డుదే లోపం.

19-2-99, శుక్రవారం
టీచర్ మీనాకుమారి గారు కొట్టుకొచ్చారు. చీరల కోసం కాదు. వాళ్ళ నాన్నగారు జోగేశ్వరరావు గారు పౌరాణిక నాటకాల్లో పద్యాలకి పేరుపడ్డ మనిషి. ఆరేళ్ళ క్రితం గొంతు క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి మాట తీసేశారు. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తారు. 1964లో మద్రాసులో ఆయన పద్యాలు ఎక్కించిన డిస్క్ ఒకటుందట. ఒక్కటే కాపీ. మా అమ్మాయి హర్షితకి తాతగారి గొంతు ఎలా ఉండేదో తెలియదండి, మీ దగ్గర మంచి మిషన్ ఉందట, క్యాసెట్‌లోకి ఎక్కించి పెడతారా అని అడిగారు.

ఆదివారం రమ్మన్నాను. నాన్నగారిని కూడా తీసుకురమ్మన్నది నేనే.

21-2-99, సాయంత్రం 6
మీనాకుమారి గారు నాన్నగారిని తీసుకొచ్చారు.

డిస్క్ అంచు వంకరగా ఉంది. చూశాను. ఏసుపాదం మాట గుర్తొచ్చింది. పాత ఆర్మ్ బీరువాలోనే ఉంది. మార్చడానికి గంట పడుతుంది. వాళ్ళు అప్పటికే కూర్చున్నారు, కాఫీలు వచ్చాయి. పైగా కొత్తదాని మీదే వినిపించాలని నా పంతం.

గొంతు వచ్చింది. కంచు గొంతు. ఆయన మొదట తల దించుకున్నారు. రెండో పద్యం చివర రాగం తీస్తుంటే మెల్లగా లేచి నిలబడ్డారు. పెదాలు కదులుతున్నాయి. స్టేజీ మీద వేసినట్టు ఒక అడుగు ముందుకు వేశారు.

సూది ఎగిరిపడింది. మళ్ళీ ఎగిరింది. గీసుకుంటూ పోయింది. నేను ఎత్తేలోపే చారలు పడ్డాయి.

అందరూ నా వైపు చూశారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "అయ్యో, మీరు కదలకుండా ఉండాల్సిందండీ."

ఆయన నాకు చేతులు జోడించారు. నాకు! డిస్క్ ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు.

22-2-99
పాత ఆర్మ్ బిగించాను. ఆ రోజు ఊగిన వంకర రికార్డే వేసి, పక్కన నిలబడి గెంతాను. మూడుసార్లు గెంతాను. సూది చలించలేదు. మా ఆవిడ పాపాయి గుమ్మంలోంచి చూసి, యాభై దగ్గర పడుతున్నాయి, ఏంటండీ ఆ గెంతులు అంది. తనకి కూడా చెప్పలేకపోయాను.

23-2-99
రేపు వెళ్ళి చెప్పేస్తాను.

2-3-99
వెళ్ళలేదు.

14-3-99, ఆదివారం
మార్కెట్లో మీనాకుమారి గారు కనిపించారు. పక్క సందులోకి తప్పుకుందామనుకున్నాను. ఆవిడే పలకరించారు. నాన్నగారు ఎలా ఉన్నారండీ అన్నాను.

"ఒంట్లో బాగానే ఉందండి. కానీ ఆ రోజు నుంచీ ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తున్నారు. ఎందుకు నాన్నా అంటే, నా పాదం మంచిది కాదు అని రాస్తున్నారండి."

ఏం కొన్నానో, ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

15-3-99, మధ్యాహ్నం
వెళ్ళాను. అంతా చెప్పాను. మీ అడుగు వల్ల కాదండీ, నా మిషన్ తప్పు, ఆ మెకానిక్ ముందే చెప్పాడు, డిస్క్ వంకర కూడా చూసే వేశాను అన్నాను.

ఆయన పలక మీద రెండే మాటలు రాశారు. ముందే తెలుసా?

తెలుసండి అన్నాను.

అది తుడిచేశారు. లేచి లోపలికి వెళ్ళారు. మడమలు నేలకి ఆనించి, గట్టిగా. మీనాకుమారి గారు, ఇక మీరు వెళ్ళిరండి అన్నారు. గుమ్మం దాకా రాలేదు.

28-3-99, ఆదివారం
డిస్క్‌ని ఏసుపాదానికి పంపారట. నాకు కాదు. అతను మా మేడ మీదకే తెచ్చి, పాత ఆర్మ్‌తో క్యాసెట్‌లోకి ఎక్కించాడు. నేను బయట మెట్ల మీద కూర్చుని విన్నాను. రెండో పద్యం చివర టకటకమని తెగింది. తర్వాత మూడు పద్యాలు, ప్రతి పద్యంలోనూ ఆ చప్పుడు.

నేను చెప్పాను కదండీ అని ఏసుపాదం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

4-4-99
క్యాసెట్ ఇచ్చి వచ్చాడట. హర్షిత అక్కడే కూర్చుని మొత్తం విందట. పద్యం మధ్యలో ఆ టకటక రాగానే, అదేంటి తాతయ్యా అని అడిగిందట.

ఆయన పలక తీసుకుని నా పేరు రాశారట.